ముందట కూసునే మనిషి

"గ్యాస్ కొట్టన్నా" అనే మాట వింటే చాలు, శాంతయ్యకు ఒళ్లు మండేది. కారులో చల్లగాలి రావడం లేదని నాచారంలో ఆయన షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ, డాక్టరుకు తానే మందు చీటీ రాసిచ్చినట్టు, ఆ మాటే అనేవాడు. ఇది వంటింటి సిలిండర్ కాదు, వాడితే అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. ఆ కన్నం మూయకుండా నింపితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే అని ఆయన ఓపికగా చెప్పేవాడు. వాళ్లు తలలూపుతూ అంతా విని, "అయితే గ్యాస్ కొట్టు మరి" అనేవాళ్లు.

శాంతయ్య పనిచేసిన ఫ్రిజ్‌ల కంపెనీ మూతపడ్డాక, అక్కడ నేర్చిన విద్యతోనే ఆ రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఉప్పల్ పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. పొలం అమ్మినవాళ్లు కార్లు కొన్నారు గానీ వాటిలో ఏసీ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ బండ్లవాళ్లంతా ఒకరికొకరు చుట్టాలు. ఒకరి నోట మంచిమాట వస్తే షెడ్డు నడుస్తుంది, చెడ్డమాట వస్తే తాళమే.

గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలో ముల్లు చూడటానికి ఆయన తల్లి దానమ్మ కళ్లద్దాలు పెట్టుకునేవాడు. ఆమె పోయి మూడేళ్లు. ఆ అద్దాలు ఆయన నంబరువి కావు. కొత్తవి చేయించుకోమని భార్య మార్తమ్మ గొణిగినప్పుడల్లా, వీటిలోనే మంచిగా కనబడుతున్నదని అబద్ధం చెప్పేవాడు.

తొంభై అయిదు ఎండాకాలంలో ఉప్పల్లో పొలం అమ్మిన హనుమాండ్లు పాత కాంటెస్సా కారు ఒకటి కొన్నాడు. ఏసీ వేస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి. శాంతయ్య సబ్బునురగ పూసి చూస్తే ఒక పైపు అతుకు దగ్గర బుడగలు లేచాయి. అతుకు బాగుచేసి, గ్యాస్ నింపి, స్టార్ట్ చేస్తే లోపల చలి పుట్టింది. మూడోనాటికి హనుమాండ్లు మళ్లీ వచ్చాడు. ఇంటికి పోయిన మర్నాటి నుంచీ వేడిగాలేనట. తీరా షెడ్డులో ఆన్ చేస్తే, చల్లగానే ఉంది. "దార్ల గూడ సల్లగనే వచ్చింది. నిన్ను జూస్తే భయపడుతదే ఇది" అన్నాడు హనుమాండ్లు.

ఇంకోసారి. మరోసారి. అదే తంతు. ఒక్క బుడగ లేదు, ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. నాచారంలో చలి, ఉప్పల్లో వేడి. ఈలోగా ఉప్పల్ చాయ్ హోటల్లో హనుమాండ్లు, శాంతయ్య పాలమ్మెటోని లెక్క నీళ్లు కలిపిన గ్యాస్ కొడుతున్నాడని నలుగురిలో అనేశాడు. ఆ వారం రావాల్సిన రెండు బండ్లు రాలేదు. శాంతయ్యకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ల పని ఒక్క మాటకు కొట్టుకుపోయేలా ఉంది.

ఒక్క సంగతి మాత్రం ఆయన మనసులో మెదులుతూనే ఉంది. ఆ బండి వచ్చినప్పుడల్లా రేడియేటర్లో నీళ్లు తగ్గి ఉండేవి. అటు ఏసీ, ఇటు ఇంజన్, రెండూ వేడెక్కుతున్నాయంటే బండి ముందున్న జాలీలోంచి వాటికి గాలి తగలడం లేదన్నమాట. కానీ ముందుభాగం తాను చూసిన ప్రతిసారీ శుభ్రంగానే ఉంది. ఇక బండిని రమ్మనకుండా, చెప్పకుండా తానే సైకిలెక్కి ఉప్పల్ వెళ్లాడు.

కారు ఇంటి ముందు ఎండలో ఉంది. ముందు జాలీ వెనక ఏదో నల్లగా కనిపించింది. వేలు పెట్టి చూశాడు. గొంగడి. నాలుగు మడతలు పెట్టి, సుతిలి తాడుతో గట్టిగా కట్టి ఉంది. హనుమాండ్లును పిలిచి ఇదేందని అడిగాడు.

"మా నాయిన గొంగడి. అవ్వ కట్టింది. నీ దగ్గరికొచ్చేటప్పుడు గ్రీజు మరకలైతయని ఇప్పి దాసిపెడ్తది" అన్నాడు హనుమాండ్లు తాపీగా. "దానికి, ఏసీకి ఏం సంబంధమే? నువ్వు గ్యాస్ సంగతి జూడు."

శాంతయ్యకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మూడుసార్లు విప్పి బిగించిన నట్లు, హోటల్లో పోయిన పరువు, రాకుండా పోయిన బండ్లు, అన్నీ ఒక్క గొంగడి చాటున. సుతిలి తెంచడానికి చెయ్యి పెట్టాడు.

"దాన్ని ముట్టకు బిడ్డా."

గడపలో హనుమాండ్లు తల్లి రుక్కమ్మ. ఆమె మెల్లగా దగ్గరికి వచ్చి చెప్పింది. పొలం బేరం నడుస్తున్నన్నాళ్లూ పెనిమిటి గండయ్య ఒక్కటే మాట అనేవాడట, బండొస్తే ముందట నేనే కూసుంట అని. బండి వచ్చేసరికి ఆయన పోయి నెల. అందుకే ఆయన గొంగడిని ముందట కట్టింది.

శాంతయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కళ్లద్దాలు తీసి అంగీ అంచుతో చాలాసేపు తుడిచాడు.

"ముందటంటే ముంగటి సీట్ల అని గదమ్మా ఆయనన్నది. మీరంత లోపల కూసున్నరు. ఆయనను బైట ఎండల కట్టిన్రు."

రుక్కమ్మ ఆయన వంకా జాలీ వంకా చూసింది. తర్వాత తానే వంగి ముడులు విప్పింది. గొంగడి దులిపి, మడతపెట్టి, ముందు సీట్లో పెట్టింది. బండి ఎలా ఉందో చూద్దామని బయలుదేరినప్పుడు శాంతయ్య అలవాటుగా ముందు తలుపు తీసి, మళ్లీ మూసి, వెనక రుక్కమ్మ పక్కన కూర్చున్నాడు. నాలుగు వీధులు దాటకముందే ఆమె కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"ఆయనకు గొంగడున్నది. సలి నాకే" అంది.

చాయ్ హోటల్ ముందు హనుమాండ్లు బండి ఆపి దిగాడు. అక్కడున్నవాళ్లను తలుపు దగ్గరికి పిలిచి, చేతులు లోపల పెట్టి చూడమన్నాడు. "మంచిగైంది. ఈసారి శాంతన్న గ్యాస్ గట్టిగ కొట్టిండు" అన్నాడు.

శాంతయ్య నోరు తెరిచాడు. గ్యాస్ కాదు అని చెప్పాలంటే గొంగడి సంగతి చెప్పాలి. వెనక సీట్లో రుక్కమ్మ, చేయి చాచి ముందు సీటు మీద మడత సర్దుతోంది. ఆయన నోరు మూసుకుని చాయ్ తాగాడు.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిచేసరికి ఆ వారం రాకుండా పోయిన రెండు బండ్లూ ముందు నిలబడి ఉన్నాయి. మొదటి బండాయన అద్దం దించి, నవ్వుతూ తల బయట పెట్టాడు.

"జర గ్యాస్ కొట్టన్నా. హనుమాండ్లకు కొట్టిన తీరుగ."