మా బావ పట్టుకున్న అబద్ధం

మా బావ సెలూన్‌లో ఒకటే రూలు. కుర్చీలో ఎవరు కూర్చుంటే రిమోట్ వాళ్లది. బెంచీ మీద ఉన్నవాళ్లు ఎంత గింజుకున్నా సరే, తమ వంతు వచ్చేదాకా ముందువాడు పెట్టిన ఛానలే వినాలి. ఈ రూలు లేనప్పుడు ఇద్దరు పెద్దమనుషులు రిమోట్ కోసం కొట్టుకుని సబ్బు నురగ గిన్నె పగలగొట్టారు. అప్పటినుంచి పెట్టాడు.

ఎన్నికలొచ్చేసరికి ఆ రూలు పుణ్యమా అని రోజంతా ఆయన చెవుల్లో రెండు రకాల వార్తలు మోగేవి. ఒక గడ్డానికి నీలం ఛానల్, తర్వాతి గడ్డానికి ఎర్ర ఛానల్. వాటికి వేరే పేర్లున్నాయి గానీ, తెర మూలన గుర్తు రంగును బట్టి అందరం అలాగే పిలుస్తాం. నీలం ఛానల్ కొత్తాయన బావమరిదిది. ఎర్ర ఛానల్‌కి ప్రకటనలన్నీ పాతాయన ఇప్పిస్తాడు. పాతాయనంటే ఇప్పుడు పదవిలో ఉన్నవాడు, కొత్తాయనంటే ఆయన మీద నిలబడ్డవాడు. ఈ ఇద్దరి గురించీ విని విని మా బావ ఎటూ తేల్చుకోలేక గోడ మీద పిల్లిలా ఉండేవాడు. మా వీధిలో సగం మంది అలాంటివాళ్లే.

నేను ఆ సెలూన్‌కి ఎదురుగా ఉన్న మందుల షాపులో కౌంటర్ మీద ఉంటాను. ఆయన మా అక్క మొగుడు. కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు మరదలిగా నాకుంది, ఏనాడూ వదులుకోలేదు. మనిషి వెన్నలాంటివాడు. చెయ్యి ఎంత తేలికంటే గడ్డం గీస్తుంటే గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్లున్నారు. ఒకటే జబ్బు, చెప్పింది ఒకసారి నిజమైందా, ఇక ఆయన కాళ్లు నేల మీద ఆగవు.

అసలు జబ్బు మా అక్కది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. మా అదృష్టం కొద్దీ ఆ మిషన్లు మా ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాయి. సెలూన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. పొద్దున వెళ్లి మిషన్‌కి సూదులు పెట్టించుకుని పడుకుంటే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. వచ్చాక ఒళ్లంతా పీల్చేసినట్టయి మంచానికి అతుక్కుపోయేది. మర్నాటికి లేచి వంట చేసేది, నన్ను తిట్టేది, నవ్వేది. అవి లేకపోతే మా అక్క లేదు. ఇందులో దాపరికమేమీ లేదు.

ఒకరోజు కరెంటు లైన్‌మన్ కుర్చీలో ఉన్నాడు. నీలం ఛానల్ పెట్టుకున్నాడు. "ఈరోజు ఉదయం నీళ్ల కోసం జనం పడిగాపులు" అని యాంకరమ్మ గొంతు చించుకుంటోంది. కుళాయి మాదే, జనం మావాళ్లే. వరసలో ముందు నిలబడ్డది ఎవరనుకున్నారు? ఆ లైన్‌మనే. తెరమీద భుజాల దాకా జుట్టు వేలాడుతోంది. గడ్డం గీస్తున్న మా బావ కత్తి గాల్లో ఆగిపోయింది.

"ఒరేయ్, ఆ జుట్టు ఎండాకాలం మొదట్లోనే మిషన్ పెట్టి లేపేశాను కదరా! ఇవాళ పొద్దున ఎలా మొలిచింది నీకు?"

లైన్‌మన్ అద్దంలో తన నున్నటి తల చూసుకున్నాడు. "అవునన్నా! అది పోయినేడాది పైపు పగిలినప్పటిది!" అన్నాడు. బెంచీ మీదవాళ్లు పడీ పడీ నవ్వారు. నేను కూడా రోడ్డు దాటి వెళ్లి, "బావా, నువ్వు చేయాల్సింది క్షవరం కాదు, పోలీసు ఉద్యోగం" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

అంతే, ఊరంతా పాకింది. జుట్టు చూసి అబద్ధం పట్టేస్తాడని మా బావకి 'జడ్జిగారు' అని పేరు పెట్టారు. గడ్డం పని లేనివాళ్లు కూడా వచ్చి బెంచీ మీద కూర్చుని, "జడ్జిగారూ, ఇవాళ నీలం వాడేం కూశాడు?" అని అడిగేవాళ్లు. ఆయన దువ్వెన ఊపుతూ తీర్పులిచ్చేవాడు. ఎర్ర ఛానల్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా అంటే, "అది పాతాయన భజన చేస్తుందని అందరికీ తెలుసు. కానీ వీడు నా కళ్ల ముందు దొరికిపోయాడు. దొరికినవాడే దొంగ" అనేవాడు. వాదన బాగానే ఉంది. ఎటూ తేల్చుకోలేని జనానికి ఒక దారి దొరికింది. నీలం వాడు ఏమంటే దానికి ఎదురు నమ్మితే సరి, ఇక బుర్ర పెట్టే పనే లేదు.

ఓటింగు దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం అక్కని ఆసుపత్రి నుంచి నేనే తీసుకొచ్చాను. ఇల్లు చేరాక అక్క మంచం మీద కూర్చుని, "చివరి రెండు మిషన్లకి గుడ్డలు కప్పేశారే" అంది. "ఎవరో ఇద్దరు వచ్చి తలుపు వెడల్పు టేపుతో కొలిచారు. నర్సమ్మ నా సూది తీస్తూ, మీకు పెద్ద ఊళ్లో చుట్టాలెవరైనా ఉన్నారా అని అడిగింది."

"ఎందుకని అడగలేదా?"

"అడిగాను. ఊరికే అంది. నా మొహం చూడలేదు."

ఆ సాయంత్రమే నీలం ఛానల్‌లో వార్త వచ్చింది. నేను అక్కకి మందులిచ్చి సెలూన్ మీదుగా వెళ్తున్నాను. ఎన్నికలవగానే మా ఊరి డయాలసిస్ మిషన్లన్నీ పెద్ద ఊరికి తరలిస్తారని, పాతాయన సంతకం కూడా అయిపోయిందని యాంకరమ్మ అరుస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తెరమీద మా ఆసుపత్రి గేటు, గేటు దగ్గర వాచ్‌మన్, ఆయన మెలితిరిగిన మీసం.

మా బావ చప్పట్లు కొట్టాడు. "దొరికాడ్రా మళ్లీ! ఆ మీసం మొన్ననే గీసేశాను! మనవరాలికి గుచ్చుకుంటోందని ఆయనే తీయించుకున్నాడు. ఇవన్నీ పాత బొమ్మలు!"

బెంచీ అంతా ఈలలు. సెలూన్‌లో టీవీ, కుర్చీ వెనక గోడకి ఉంటుంది. కుర్చీలోవాడూ, వెనక నిలబడ్డ మా బావా అద్దంలోనే చూస్తారు. బొమ్మలకి ఇబ్బంది లేదు, అక్షరాలే తిరగబడతాయి. అందుకని తెరమీద రాసింది చదవడం ఆయన ఎప్పుడో మానేశాడు. నేను గుమ్మంలోంచి నేరుగా చూస్తున్నాను.

"బావా, మూలన 'పాత దృశ్యాలు' అని రాశారు. వాళ్లే ఒప్పుకున్నారు. బొమ్మ పాతదే, కబురు పాతది కాదేమో."

"దొరికిపోతామని భయపడి రాసుకున్నారు."

"అక్క గుడ్డలు కప్పడం చూసిందట. కొలతలు తీసుకున్నారట."

"దుమ్ము పడకుండా కప్పుంటారు. మీ అక్కకి అసలే భయం, నువ్వు దానికి ఆజ్యం పోయకు." ఇంతమంది ముందు మరదలు ఎదురు చెప్పేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ నవ్వుల మధ్య నా మాట ఎవరికి కావాలి? వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే నీలం ఛానల్ విలేకరి కెమెరా పట్టుకుని నేరుగా సెలూన్‌కి వచ్చాడు. అక్క లోపలి గదిలో ఉంది. సెలూన్ వెనకే వాళ్ల ఇల్లు, మధ్యలో ఒక తెర. గొడవ వినిపించి నేను షాపు వదిలి పరిగెత్తాను.

"మీ ఆవిడ కెమెరా ముందు రెండు మాటలు చెబితే చాలండీ," అంటున్నాడు విలేకరి. "పేషెంటు గొంతు వినిపిస్తే పాతాయన వెనక్కి తగ్గుతాడు. ఇప్పుడైతేనే తగ్గుతాడు. తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు."

"మా ఆవిడ జబ్బు మీ కొత్తాయన ఓట్లకి పనికొచ్చిందా?" బావ చేతిలో మడత కత్తి అలాగే ఉంది. "లైన్‌మన్ జుట్టు అమ్ముకున్నారు, వాచ్‌మన్ మీసం అమ్ముకున్నారు. ఇప్పుడు నా పెళ్లాం కన్నీళ్లు కావాలా? నడువు బయటికి!"

"అన్నా, మాది ఆ పార్టీయే, కాదనను. కానీ ఈ ఆర్డరు మాత్రం నిజం. ఒట్టు."

"నీ ఒట్టు తీసుకెళ్లి నీళ్ల వరసలో నిలబెట్టు!"

జనం గొల్లున నవ్వారు. ఎవరో విలేకరి భుజం మీద చెయ్యేసి మెట్లు దింపారు. అప్పుడు చూశాను, తెర కొంచెం పక్కకి జరిగి ఉంది. అక్క చీర మార్చుకుని, తల దువ్వుకుని, కెమెరా ముందుకి రావడానికి సిద్ధంగా నిలబడింది. నన్ను చూసి తెర వదిలేసింది.

నేను లోపలికి వెళ్లి, "చెప్పాలనుకున్నావా?" అన్నాను.

"ఆయన పరువు పోతుందే, అంతమందిలో" అంది. నాకు ఏడుపొచ్చింది. మా బావ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అయినా ఆయన మీద కేకలేస్తే అక్కకి ఆయాసం వస్తుందని నోరు మూసుకున్నాను.

ఓటు రోజు మా వీధి వీధంతా కదిలింది. గోడ మీద పిల్లులన్నీ ఒకే వైపు దూకాయి. జడ్జిగారు తీర్పిచ్చారు కదా! నేను మాత్రం కొత్తాయనకే వేశాను, ఆయన మీద ప్రేమతో కాదు, అక్క చెప్పిన ఆ గుడ్డల కోసం. బావ అక్కని చెయ్యి పట్టుకుని బూత్ దాకా నడిపించాడు. వెళ్తూ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు, "భయపడకు, అవి ఎక్కడికీ పోవు, వాడి మాటల్లో నిజముంటే నేను క్షవరం మానేస్తాను" అని.

పాతాయన గెలిచాడు. ఎర్ర ఛానల్ వాళ్లు బాణసంచా చూపించారు. మా బావ ఆ రోజు ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోకుండా గడ్డాలు గీశాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పట్టపగలు లారీ వచ్చింది. ఆసుపత్రి దారి మా రోడ్డు మీదుగానే. వెనక తాళ్లతో కట్టిన మిషన్లు, పైన తెల్ల గుడ్డలు. కుర్చీలో సగం గడ్డంతో ఉన్నవాడిని వదిలేసి బావ మెట్ల మీదకొచ్చాడు. చేతి మీద నురగ కారుతోంది. లారీ మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు చూశాడు.

ఎర్ర ఛానల్ ఆ కబురే ఎత్తలేదు. మర్నాడు మా బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నీలం ఛానల్ ఆఫీసుకి వెళ్లాడు, నన్ను తోడు తీసుకుని. అదే విలేకరి. బావ ఆయన ముందు చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తమ్ముడూ. ఇప్పుడు రా. మా ఆవిడ మాట్లాడుతుంది. నేనూ మాట్లాడతాను. వీధంతా మాట్లాడుతుంది."

విలేకరి మొహమాటపడ్డాడు. లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. "ఎన్నికలయిపోయాయి కదన్నా. ఇప్పుడు ఆ ఐటెం వద్దంటున్నారు" అన్నాడు. "నా చేతుల్లో ఏముంది?"

ఇప్పుడు అక్క చీకటితో లేచి బస్సెక్కుతుంది. వారంలో ఆ మూడు రోజులూ బావ సెలూన్ తెరవడు, వెంట వెళ్తాడు. పెద్ద ఊళ్లో వరస, మిషన్ ఖాళీ అయ్యేదాకా బల్ల మీద ఎదురుచూపు, తిరుగు బస్సులో వాంతులు. మునుపు ఒక పూట పడుకుంటే లేచేది. ఇప్పుడు లేచేలోపే మళ్లీ బస్సు వేళవుతోంది. మధ్యలో బస్సు చెడి ఒకసారి వంతు తప్పిపోయింది. కాళ్లూ మొహమూ ఉబ్బి, ఊపిరందక ఆ రాత్రంతా కూర్చునే ఉంది.

మొన్న మందులివ్వడానికి వెళ్తే, బావ మంచం పక్కన నేల మీద కూర్చుని అక్క పాదాలు ఒత్తుతున్నాడు. వేలితో నొక్కితే గుంట పడుతోంది, పూడటం లేదు. సెలూన్‌లో టీవీ తీసేశాడు, గోడకి మేకు మాత్రమే ఉంది. తల ఎత్తకుండానే అక్కతో అన్నాడు, "ఒక మాట అడుగుతాను, తిట్టినా పర్లేదు. నువ్వైనా ఆ రోజు కొత్తాయనకి వేసుంటావు కదూ? నీ కళ్లతో చూశావు కదా. మన ఇంట్లో ఒక్కరైనా సరిగ్గా వేశారంటే నాకు కాస్త..."

అక్క ఆయాసపడుతూ దిండు సర్దుకుంది.

"గుడ్డలు కప్పడం చూశాను. కొలతలు తీయడం చూశాను," అంది. "మీరంత గట్టిగా చెబుతుంటే నేను చూసిందే తప్పేమో అనుకున్నానండీ. మీరు చెప్పినాయనకే వేశాను."

బావ చేతులు ఆగిపోయాయి. అక్క కాళ్లు వెనక్కి తీసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.