సెక్రటరీ పెన్నుతో నొక్కిన కీ

రాష్ట్రం విడిపోయిన మూడో ఏడు, జూన్ నెలలో, ప్రొద్దుటూరులో నేను పనిచేసే కంప్యూటర్ సర్వీసు కంపెనీ నాకు జమ్మలమడుగు, పులివెందుల లైను అప్పగించింది. హోదా సీనియర్ ఫీల్డు ఇంజనీరు. సీనియర్ అంటే నా కింద నలుగురు ఉంటారనుకునేరు. ఒక బ్యాగు, ఒక బస్సు పాసు ఉండేవి. అంతే.

పులివెందులలో చీనీ, అంటే బత్తాయి, తోటల రైతుల సంఘం ఒకటి మా కంపెనీ చూసుకునే ఆఫీసుల్లో ఉండేది. వాళ్లవి నాలుగు ముసలి కంప్యూటర్లు. బరువైన సిస్టం ఏది వేసినా లేవలేక మూలిగేవి. అందుకని లినక్స్ అనే ఉచిత సిస్టం వేసి, దాని మీద ఒక తేలికపాటి విండో మేనేజరును పెట్టాను. విండో మేనేజరు అంటే తెర మీద ఏ ప్రోగ్రాము కిటికీ ఎక్కడ ఉండాలో, ఏది పైకి రావాలో చూసే పెత్తందారు. దాని అసలు బలం మరొకటి ఉంది. కీబోర్డు మీద మనం ఏది నొక్కినా ముందు దాని చేతికే వెళ్తుంది. తన జాబితాలో ఉన్న కీ అయితే తానే తీసుకుంటుంది, కాకపోతేనే లోపలి ప్రోగ్రాముకు వదులుతుంది. ఆఫీసరు గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్న అటెండరు లాంటిదన్నమాట. అక్కడ ఆగిపోయిన కాగితం సంగతి లోపలి ఆఫీసరుకు తెలియనే తెలియదు.

ఆ మేనేజరులో నాకు బాగా నచ్చే సౌకర్యం నాలుగు తెరలు. ఒక తెర మీద పని పరిచి, రెండో తెరకు పోయి వేరే పని చేసుకోవచ్చు. కంట్రోల్ కీ పట్టుకుని F1 నొక్కితే మొదటి తెర, F2 నొక్కితే రెండోది, అలా నాలుగో దాకా. ఇంట్లో నాకు అదే అలవాటు. నాకు సుఖమైంది లోకానికంతా సుఖమని నమ్మే వయసు అప్పటికే దాటాను, కానీ నమ్మకం పోలేదు.

ఆ ఆఫీసు టైపిస్టు ఖైరున్నీసా గారు. టైపు మిషన్ల కాలం నుంచి ఇరవై ఏళ్లుగా అదే కుర్చీ. అక్షరాల వైపు చూడకుండా కొట్టగల వేళ్లు. కొత్త సిస్టం బిగించిన రోజు ఆమె నన్ను ఒక్క మాట అడిగారు.

“సార్, దీంట్లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమన్నా ఉండాదా?”

నా బస్సుకు వేళయింది. ఏమీ లేదమ్మా, అంతా పాతదే అని చెప్పి బ్యాగు భుజాన వేసుకున్నాను. ఆ జవాబు తర్వాత నాకు బాగా అక్కరకు వచ్చింది, శిక్షగా.

రెండు వారాలు గడిచాయి. వానలు పడ్డాయి. సంఘం సభ్యులకు చీనీ మొక్కలు పంచాలని నిర్ణయించింది. రైతులు గుంతలు తవ్వుకుని కాచుకుని ఉన్నారు. నర్సరీ లారీ శుక్రవారం వస్తుంది. పులివెందుల, వేంపల్లె, చక్రాయపేట మండలాలకు మూడు జాబితాలు అచ్చు వేయాలి. జాబితాలో పేరున్నవాడికే మొక్క. పేర్లు ఎక్కించే ప్రోగ్రాము ఎవరో సంఘం కోసమే రాసిపెట్టింది. అందులో సేవ్ చేయడానికి మండలానికొక కీ. పులివెందులకు కంట్రోల్ F2, వేంపల్లెకు కంట్రోల్ F3, చక్రాయపేటకు కంట్రోల్ F4. చదువరులకు విషయం ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు, ఎందుకంటే నేను ఆ ప్రోగ్రామును తెరిచి చూసిన పాపాన పోలేదు.

మంగళవారం ఖైరున్నీసా గారు మూడు జాబితాలూ కొట్టి, సాయంత్రం మిషన్ ఆపి ఇంటికి వెళ్లారు. బుధవారం చూస్తే మూడు ఫోల్డర్లూ ఖాళీ. మొదటి పేరు నుంచి మళ్లీ కొట్టారు. గురువారం చూస్తే మళ్లీ ఖాళీ. అటెండర్ ఓబులేసు దిష్టి తగిలిందని తేల్చాడు. నిమ్మకాయ కోసం వెతికి, దొరక్క, ఉన్నది చీనీ రైతుల సంఘమే కదా అని మానిటర్‌కు ఒక చీనీకాయను దారంతో వేలాడదీశాడు. అది తెరలో మూడో వంతు మూసేసింది. సెక్రటరీ నాగిరెడ్డి దిష్టిని నమ్మే మనిషి కాదు, మెమోను నమ్మే మనిషి. మిమ్మల్ని టైపు పని నుంచి తప్పించి గోడౌనులో మొక్కల లెక్కకు ఎందుకు వేయకూడదో శుక్రవారం సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వండి అని ఖైరున్నీసా గారికి నంబరు వేసి మెమో ఇచ్చాడు. ఆ తర్వాత మా కంపెనీకి ఫోను చేశాడు.

శుక్రవారం మొదటి బస్సుకు వెళ్లాను. నేను చేరేసరికి లారీ ఆవరణలో నిలబడి ఉంది. రైతులు దాని చుట్టూ తిరుగుతూ మొక్కల ఆకులు తిప్పి చూస్తున్నారు. ఖైరున్నీసా గారు పొద్దున ఏడుకే వచ్చి మూడోసారి కొడుతున్నారు. రెండు జాబితాలు అయిపోయాయి, చక్రాయపేట చివరి పేర్లలో ఉన్నారు. నేను చీనీకాయను పక్కకు జరిపి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆమె చివరి పేరు కొట్టి కంట్రోల్ F4 నొక్కారు. తెర ఖాళీ అయింది.

“చూసినారా సార్, నీటుగా లోపలికి పోయింది. దినామూ ఇట్లనే పోతాంది. మల్లా పొద్దున్నే యాడా కనపడదు.”

అప్పటికి నాకు అర్థమైంది. చేయి చాపి కంట్రోల్ F1 నొక్కాను. పులివెందుల జాబితా మొత్తం ఎదుట నిలబడింది, పైన సేవ్ కాలేదన్న ఎర్ర గుర్తుతో. రెండో తెర మీద వేంపల్లె, మూడో తెర మీద చక్రాయపేట. ఆమె సేవ్ కీ నొక్కిన ప్రతిసారీ నా విండో మేనేజరు దాన్ని గుమ్మంలోనే పట్టుకుని, తెర మార్చమన్నారు కాబోలు అనుకుని ఆమెను పక్క తెరకు పంపింది. ఖాళీ తెర చూసి ఆమె పని అయిందనుకుని ప్రోగ్రామును మళ్లీ తెరిచారు. సాయంత్రం మిషన్ ఆపగానే సేవ్ కాని మూడు జాబితాలూ గాలిలో కలిశాయి. ఆమె వేళ్లది పిసరంత తప్పు లేదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది. ఎంతసేపు ఆగుతుందని అడిగితే, కొత్తలో పావుగంట ఆగేదని ఓబులేసు గౌరవంగా చెప్పాడు. నాలుగో తెరకు పోయి విండో మేనేజరు కీల ఫైలు తెరిచాను. కంట్రోల్ వరసలన్నీ కొట్టేశాను. తెరలు మార్చడానికి ఇంకో కీ కావాలి. కంట్రోల్, ఆల్ట్ రెండింటినీ ఆ ప్రోగ్రాము వాడుకుంటోంది. కిటికీ బొమ్మ ఉండే విండోస్ కీకి ఏ ప్రోగ్రాములోనూ ఉద్యోగం లేదు. దానితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసి, ఫైలు సేవ్ చేసి, కొత్త కీలను అమలులో పెట్టాను. తల దించి చూస్తే కీబోర్డు మీద ఆ కీ లేదు. ఉండాల్సిన చోట రెండు గుంతలున్నాయి.

జరిగింది ఇది. పాత సిస్టం ఉన్న రోజుల్లో, జనరల్ బాడీ మీటింగులో సెక్రటరీ మోచేయి ఆ కీకి తగిలి, సభ్యులు చూస్తున్న తెర మీద మెనూ లేచి పేర్లన్నీ మూసేసిందట. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆయన నాలుగు కీబోర్డుల మీదా ఆ కీలను పీకించాడు. ఓబులేసు వాటిని ఒక మాత్రల డబ్బాలో పోసి, “కిటికీ బొమ్మ బటన్లు, ఎనిమిది” అని స్టాకు రిజిస్టర్‌లో ఎక్కించాడు. ఒకటి ఇవ్వమన్నాను. సరుకు కోరే ఇండెంటు కాగితం మీద సెక్రటరీ సంతకం లేకుండా స్టాకు కదలదని అతను వినయంగా చెప్పి, ఇండెంటు పుస్తకం వెతకడానికి గోడౌనుకు వెళ్లాడు.

గుంతలో చిన్న మొటిమంత బొడిపె ఉంది. వేలు పట్టదు. యూపీఎస్ కూత విని వచ్చి బల్ల పక్కన నిలబడ్డ నాగిరెడ్డి జేబులో పెన్ను కనపడింది. సార్, మూతపెట్టిన పెన్నుతో దీన్ని నొక్కి పట్టుకోవాలి అన్నాను. పెద్ద తోటకు యజమాని, ఆరు ఊళ్లకు పెద్దమనిషి, టైపిస్టు బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“ఒత్తిపెట్టుకోనుండల్లనా, ఇడిసిపెట్టల్లనా?”

“నేను చెప్పేదాకా ఒత్తే ఉండండి.”

ఆయన బొడిపెను ఒత్తాడు, నేను ఒకటి నొక్కాను. మొదటి తెర వచ్చింది. ఖైరున్నీసా గారు కంట్రోల్ F2 నొక్కారు. ఎర్ర గుర్తు పోయింది. పెన్ను, రెండు, కంట్రోల్ F3. వేంపల్లె కూడా గట్టెక్కింది. మూడోసారి పెన్ను జారింది. నేను నొక్కిన అంకె తెర మార్చకుండా వేంపల్లె రైతు ఒకాయన పేరు చివర పోయి కూర్చుంది. జాబితా అప్పటికే సేవ్ అయింది కాబట్టి ఆయన పేరు బతికింది. సెక్రటరీ పెన్నును రెండు చేతులా పట్టుకుని మళ్లీ ఒత్తాడు. మూడో తెర. కంట్రోల్ F4. గుర్తు పోయిందని ఖైరున్నీసా గారు చెప్పడం, యూపీఎస్ పొడుగ్గా ఒక కూత కూసి ప్రాణం విడవడం ఒకేసారి జరిగాయి. అప్పుడు ఓబులేసు ఒక చేతిలో కీ, ఇంకో చేతిలో ఇండెంటు పుస్తకంతో వచ్చి సంతకం పెట్టమన్నాడు. నాగిరెడ్డి నేల మీద కూర్చునే పెట్టాడు.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. మూడు ఫోల్డర్లలో మూడు జాబితాలూ ఉన్నాయి. అచ్చు వేశారు. లారీలోంచి మొక్కలు దిగుతుండగా సెక్రటరీ నన్ను లోపలికి పిలిచాడు.

“ఇంతకూ తప్పు ఎవురిదప్పా?”

మా వృత్తిలో దీనికి కాన్‌ఫ్లిక్ట్ అనే మాట ఉంది. రెండు ప్రోగ్రాములు ఒకే కీ కోసం పోట్లాడుకున్నాయని చెబితే చాలు, మనుషులెవరికీ ఏమీ అంటదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఖైరున్నీసా గారు తన సంజాయిషీ చిత్తుప్రతి రాసుకుంటున్నారు. మూడుసార్లు మూడు జాబితాలు కొట్టిన చేత్తో. సిగ్గేసింది. తప్పు నాదేనని, ఆమె అడిగినా చెప్పలేదని చెప్పాను.

ఆయన మెమోల ఫైలు తీశాడు. నంబరు పడిన మెమోను రద్దు చేసే పద్ధతి సంఘంలో లేదు. అందుకని ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసి, శుద్ధప్రతి తీయమని ఆమెకే ఇచ్చాడు. ఆమె తప్పు లేకుండా టైపు చేసి, సేవ్ కీ నొక్కి, సేవ్ అయిందో లేదో నాకు చూపించి మరీ అచ్చు వేశారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా జమ్మలమడుగులో గానీ, ప్రొద్దుటూరులో గానీ ఏ ఆఫీసులో విండో మేనేజరు పెట్టినా, ముందు ఒక పూట టైపిస్టు వెనక కూర్చుని ఆ వేళ్లు ఏ కీలు నొక్కుతాయో రాసుకునేవాణ్ని. అవి ప్రోగ్రామువి, వాటి జోలికి పోకూడదు. విండో మేనేజరుకు విండోస్ కీ ఒక్కటి చాలు. అది కీబోర్డు మీద ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

మెమోకు నా జవాబు కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో రెండే వాక్యాలు. “ఆమె అడిగారు. నేను బస్సు చూసుకున్నాను.”