గ్రీకు పుస్తకంలో నువ్వు గింజ

ఒక్క నువ్వు గింజతో మనిషి ఎంత ఎత్తుకు ఎగరగలడో, అక్కడి నుంచి ఎంత చప్పుడుతో కింద పడగలడో నేను స్వయంగా చేసి చూపించాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉంది. కాకపోతే నవ్వే ముందు ఒక్క సంగతి ఒప్పుకోవాలి. సౌదీలోని ఈ హుఫూఫ్ ఊళ్లో వెయ్యేళ్ల నాటి గ్రీకు పుస్తకాల మీద చెయ్యి వేసే కరీంనగర్ వాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకొకడుంటే తీసుకొచ్చి చూపించండి.

నా పేరు రాజేశం. మా మేనమామ బైండింగ్ షాపులో ఆఫీసు రిజిస్టర్లు కుట్టీ కుట్టీ చెయ్యి తిరిగినవాణ్ణి. సౌదీకి ప్రింటింగ్ ప్రెస్ వీసా మీద వచ్చి, తరవాత ఒక షేక్ గారి సొంత పుస్తకశాలకు మారాను. షేక్ గారికి ఖర్జూరం తోటలతో పాటు పాత పుస్తకాల పిచ్చి కూడా ఉంది. ఆయన కొన్నవాటిలో ఏడెనిమిది గ్రీకు చేతిరాత పుస్తకాలు. లోపల కాగితం బదులు పలచటి తోలు, బయట చెక్క అట్టలు. వాటిని బాగుచేయడానికి, ఏ కాలంలో ఎలా కుట్టారో రాసిపెట్టడానికి గ్రీసు నుంచి ఎలెని మేడం వచ్చారు. నేను ఆమె చేతి కింద మనిషిని.

మొదటిరోజే నా తెలివి చూపించాను. ఆ పుస్తకాల అట్టలు సరిగ్గా ఆకులంతే ఉన్నాయి, కాస్త కూడా బయటికి రాలేదు. పుస్తకం వీపుకు పైనా కిందా వేసిన అల్లిక మాత్రం అట్టలను దాటి పొడుచుకొచ్చింది. అలాంటి పుస్తకం నిలబడదు, పడుకోబెట్టాల్సిందే. ఈ పని చేసినవాడికి పని రాదని మేడమ్‌తో చెప్పేశాను. గ్రీకులు కొన్ని వందల ఏళ్లు కావాలనే అలా కట్టారని ఆమె ఓపికగా వివరించారు. కొన్ని వందల ఏళ్లు తప్పు చేసినా తప్పు తప్పేనని నేను మనసులో అనుకున్నాను. అప్పట్లో నా పొగరు అలా ఉండేది.

అయితే నెల తిరక్కుండా నా కళ్లే ఒక సంగతి పట్టాయి. ఒక సువార్త పుస్తకంలో మధ్యకు వచ్చేసరికి దారం నడక మారింది. అటు అట్ట నుంచి సగం, ఇటు అట్ట నుంచి సగం విడివిడిగా కుట్టి, నడుమ రెండింటినీ కలిపారు. మేడం పది నిమిషాలు భూతద్దంతో చూసి, తన నోటుబుక్కులో రాసుకుని, పక్కన నా పేరు వేశారు. అచ్చయ్యే రిపోర్టులో కూడా వేస్తామన్నారు. జీవితంలో వేల పుస్తకాలు కుట్టాను గానీ ఒక్కదాంట్లోనూ నా పేరు లేదు. ఆ రోజు నా ఆనందం మాటల్లో చెప్పలేను.

ఒక పేరు దక్కినవాడు ఊరుకుంటాడా? ఇంకోటి కావాలనుకున్నాను.

మా ల్యాబులో తిండి నిషేధం. తింటూ దొరికితే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతామని మేనేజరు మొదటిరోజే చెప్పాడు. నేను రూలు తప్పలేదు. తిన్నదేదో బయట చాయ్ గదిలోనే తిన్నాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, నా తరఫున ఉన్న సాక్ష్యం ఇదొక్కటే.

ఆ ఉదయం అదే సువార్త పుస్తకం ముందుకు వంగి ఒక్కో ఆకూ తిప్పుతున్నాను. ఆకుల మడతల్లో ఏం దొరికినా, మైనం చుక్కయినా వెంట్రుకయినా, మెత్తటి కుంచెతో తీసి చిన్న పొట్లంలో వేసి ఆకు నంబరు రాయాలి. ఒక మడతలో తెల్లగా ఏదో కనిపించింది. మేడమ్‌ను పిలిచాను.

ఆమె భూతద్దం పెట్టి చూసి నిదానంగా, "నువ్వు గింజ. ఏదో పిండి కూడా అంటుకుని ఉంది," అన్నారు. తరవాత ఆ పుటలో రాత చదివారు. అది ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాల్లో చదివే భాగమట. ఆ రోజుల్లో మఠాల్లో మాంసం, పాలు ముట్టరట, నువ్వులతో చేసినవి తింటారట. ఎవరో సన్యాసి ఉపవాసంలో ఇది తింటూ చదివి ఉండవచ్చన్నారు.

"ఉండవచ్చు" అన్నారు. నేను ఆ "ఉండవచ్చు"ను అక్కడే వదిలేసి మిగతాది పట్టుకుని బయటికి పరుగెత్తాను. సాయంత్రానికి షేక్ గారికి తెలిసింది. గురువారం అతిథులను పిలుస్తానన్నారు. అదే రోజు ఆ పొట్లం వయసు తేల్చే పరీక్షకు కొరియర్లో విదేశానికి వెళ్తుంది. నేను చొక్కా ఇస్త్రీకి ఇచ్చి, ఇంటికి వీడియో కాల్ చేశాను.

"వెయ్యేండ్ల కిందటి నువ్వు గింజ దొరికింది లక్ష్మీ. నాకే దొరికింది."

"వెయ్యేండ్లాయె, మరి పురుగు వట్టలేదా?" అంది మా ఆవిడ.

చదువులేని ప్రశ్న అని కొట్టిపారేశాను. ఇంతమంది పండితుల మధ్య సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

బుధవారం మేడం నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. నువ్వు గింజ పక్కన పిండిలో ఇంకో గింజ బయటపడిందట. దాన్ని తమ దేశపు వంటల్లో చూడలేదన్నారు. నువ్వులతో ఇది కలిపి తినే మఠం దొరికితే పుస్తకం ఎక్కడెక్కడ తిరిగిందో తెలుస్తుందని ఆమె కళ్లు మెరుస్తున్నాయి. నేను వంగి చూశాను. గోధుమ రంగు గింజ, ఒంటి మీద సన్నటి గీతలు.

వాము.

నువ్వులు, వాము, బియ్యప్పిండి. ఈ మూడూ కలిసే మఠం మా వంటిల్లు. మా ఊరివాడు సెలవు నుంచి వస్తుంటే లక్ష్మి డబ్బానిండా పంపిన సకినాలు! చాయ్‌తో రోజూ నాలుగు నమిలేవాణ్ణి. చేతులు కడుక్కున్నాను సరే. నా చెయ్యి దానంతట అదే పైకి వెళ్లి మీసాన్ని తడిమింది. అక్కడ ఇంకో పలుకు దొరికింది.

మేడమ్‌కు ఏమీ చెప్పకుండా బయటపడ్డాను. గదికి వచ్చి మస్తాన్‌కు చెప్పాను. మస్తాన్ కడప మనిషి, ట్రక్కు డ్రైవరు, నా గదిలోనే ఉంటాడు. పప్పు తిరగమోత పెడుతూ మొత్తం విన్నాడు.

"నోరు మూసుకోని ఉండప్పా. చెప్పినావంటే ఎగ్జిట్టే."

"చెప్పకుంటె?"

గరిటె తిప్పడం ఆపాడు. "పరీక్షలో తేలిపోతాది గదా. అప్పుడు నీకేమీ కాదు. ఆయమ్మ పరువు పోతాది."

నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆ ఆలోచనే నాకు రాలేదు. నా ఉద్యోగం, నా పేరు, నా ఇస్త్రీ చొక్కా, ఇవే తిరిగాయి బుర్రలో. నామీద నాకే సిగ్గేసింది.

గురువారం కొరియర్ వాడికంటే ముందే వెళ్లి మేడమ్‌ను చాయ్ గదిలోకి పిలిచాను. స్టీలు డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది ఒక్కటే మాట.

"మేడం, ఆ సన్యాసి నేనే."

ఆమె సకినాన్ని చూశారు, నన్ను చూశారు, నా మీసాన్ని చూశారు. ముఖం తెల్లబోయింది. "ఆకుకు నూనె అంటిందా?" అని అడిగారు. పేరు గురించి కాదు, నా రూలు గురించి కాదు. ఇద్దరం ల్యాబులోకి పరుగెత్తి ఆకును దీపం కింద పెట్టి ఇంచు ఇంచూ చూశాం. మరక లేదు. ఆమె కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తరవాత చాయ్ గదికి తిరిగి వెళ్లి ఒక సకినం తిన్నారు. ఇంకోటి తిన్నారు. మఠంలో ఇవి పెడితే తాను కూడా సన్యాసంలో చేరేదాన్నన్నారు.

కొరియర్ వాడు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. అతిథులు రాగానే షేక్ గారు గింజ ఏదని అడిగారు. మేనేజరు నా వైపే చూస్తున్నాడు. మేడం తడబడకుండా, "అది ఈమధ్యదే. మేం పొరపాటు పడ్డాం," అన్నారు. ఆ "మేం" అన్న మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ వెంటనే నన్ను ముందుకు పిలిచి, రెండు సగాల కుట్టు కనిపెట్టింది ఈయనే అని చెప్పి, నా చేతికి సూదీ దారం ఇచ్చారు. షేక్ గారి ముందు, కోటు వేసుకున్న పెద్దమనుషుల ముందు, నమూనా పుస్తకానికి వెయ్యేళ్ల నాటి కుట్టు వేసి చూపించాను. షేక్ గారు లేచి వచ్చి ఆ కుట్టును వేలితో తడిమి చూశారు. మా మేనమామ చూసి ఉంటే బాగుండేది.

రిపోర్టు అచ్చయ్యింది. తిన్నది ల్యాబు బయటేనని అందులో ఉంది కాబట్టి మేనేజరు నా జోలికి రాలేదు. ఇంటికి ఫోన్ చేసి నా పేరు రెండు చోట్ల పడిందని చెప్పాను.

"రెండు చోట్లనా? ఏడేడ?"

"ఒకటి కుట్టు కాడ. ఇంకోటి కిందికి, చిన్న అక్షరాలల్ల. గింజ పొరపాటు ఎట్లయిందో రాసిండ్రు."

"సకినం పేరు గూడ పడ్డదా?"

"పడ్డది."

"మరి చేసినదాని పేరు?"

నేను పుటలన్నీ తిరగేశాను. లేదు. అది అచ్చుతప్పుల సవరణ కింద వేయించడానికి మేడమ్‌ను ఇప్పటికీ బతిమాలుతున్నాను.

కాబట్టి నేను, రాజేశం, పూర్తి స్పృహలో ఉండి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గ్రీకు పుస్తకంలో ఏ నలుసు దొరికినా, మేడమ్‌ను పిలవను, షేక్ గారికి చెప్పను. ముందు కరీంనగర్‌లో లక్ష్మికి ఫోన్ చేసి, ఇది మన వంటింట్లోది కాదు కదా అని అడిగి, ఆమె కాదన్నాకే కనిపెడతాను.