వ్యాను కనపడకుండా తీసిన ఫొటో

తెలంగాణ ఉద్యమం రోజులవి. తార్నాకలో ఇద్దరం ఒక గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆమెది జనగామ వైపు పల్లె, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేది. నేను ఇంటర్నెట్‌లో అమ్మే స్టాక్ ఫొటోలు తీసేదాన్ని. ఎవరు కొంటారో తెలియకుండానే, ఎవరికైనా పనికొచ్చేలా తీసిపెట్టాలి. బ్యాంకువాడైనా, కోచింగ్ సెంటర్‌వాడైనా కొనాలంటే అందులో బోర్డూ, జెండా, దారినపోయే మనిషీ ఉండకూడదు. పక్కన వాళ్ళ అక్షరాలు వేసుకోవడానికి బోలెడు చోటుండాలి. అప్పటి క్యాంపస్‌లో అలాంటి చోటెక్కడిది, నా మొహం! ఏ గోడ చూసినా నినాదం, ఏ మలుపు చూసినా పోలీసు వ్యాను. కెమెరా పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

ఒకరోజు ఆమె ఫోన్ పెట్టేసి ఏడుపు మొహంతో కూర్చుంది. టీవీలో లాఠీచార్జి చూసిన వాళ్ళ నాన్న, వచ్చి ఊరికి తీసుకుపోతానన్నాడట. వెళ్తే చదువు అటకెక్కినట్టే.

"నేను గీడ మంచిగున్ననని బాపు నమ్మాలె. జర నువ్వే ఏదన్న చెయ్యి."

"అదెంత పనే! నేను తీసేవే అలాంటి ఫొటోలు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే కాలేజీ మెట్ల మీద పుస్తకాలతో కూర్చోబెట్టాను. వ్యాను పడకుండా వంగాను. జెండాలతో వెళ్తున్న కుర్రాళ్ళను ఆగమని విసుక్కున్నాను.

"ఏందక్కా, మేం ఫొటోకు పనికిరామా?" అని ఒకడు నవ్వాడు.

ఎండ, మెట్లు, నవ్వే అమ్మాయి, చుట్టూ ఖాళీ. ఏ కంపెనీవాడూ వంక పెట్టలేని ఫొటో. ప్రింటు వేయించి వాళ్ళ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చాం.

సాయంత్రం ఫోనొచ్చింది. స్పీకర్ పెట్టింది.

"ఒక్కదానివే ఉన్నవేంది బిడ్డా? అందరేమైన్రు? కాలేజంత ఖాళీ జేయించిన్రా? రేపే వస్తున్న. బట్టలు సర్దుకో."

నాకు ఒళ్ళు మండింది. అంత కష్టపడి తీస్తే ఇదా ఫలితం! ఆమె ఏడుస్తూనే సంచీ సర్దుకుంది.

మర్నాడు సంచీతో ఇద్దరం బస్‌స్టాపుకు వెళ్ళాం. వాళ్ళ నాన్న తార్నాకలో బస్సు దిగేసరికి రోడ్డంతా ఊరేగింపు, దాని ముందు పోలీసులు. ఇక అయిపోయిందనుకున్నాను. ఊరేగింపులోంచి ఆమె క్లాసు పిల్లలు ఆమెను గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చారు. ఒకమ్మాయి సీసాలో నీళ్ళతో జేబురుమాలు తడిపి ఆయన చేతిలో పెట్టింది.

"కాకా, గ్యాస్ గొడితే కండ్లు మండుతయి. గిది మొఖానికి కట్టుకో."

ఇంకొకడు ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు. "గీమెను యాడికి తోల్కపోతున్నవ్ కాకా? పరీక్షలున్నయి."

ఆయన ఆ పిల్లలందరి వంకా చూశాడు. తర్వాత కూతురి మీద కోప్పడ్డాడు.

"గింతమంది తోడున్నరని ఫొటోల ఎందుకు జూపియ్యలే? ఒంటిగ ఉన్నవని నాకు రాత్రి ముద్ద దిగలే."

నేను తల దించుకుని కెమెరా పట్టీ సవరించుకున్నాను. మధ్యాహ్నం బస్సుకు ఆయన ఒక్కడే ఊరికి వెళ్ళిపోయాడు.