కబురు పంపే పెట్టె

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అమ్మ పడిపోతే మా నరసాపురం చర్చిలో ఎవరూ కంగారు పడలేదు. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి కళ్ళు తిరిగి పడటం మాకు భక్తిలో భాగమే. నాలుగు గుక్కల గ్లూకోజు నీళ్ళు పట్టి, మళ్ళీ పాట అందుకున్నారు. మావాళ్ళకి దేవుడి తర్వాత అంత నమ్మకం గ్లూకోజు మీదే.

ఆదివారం, కడుపునిండా తిని చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ పడింది. అప్పుడు నాకు భయం వేసింది.

రాజమండ్రిలో గుండె డాక్టరుగారు ఈసీజీ, ఎకో చూసి, "కాలవ లాకులు చూశారు కదండీ?" అన్నారు. "నీళ్ళు నొక్కేకొద్దీ ఆ తలుపులు బిగుసుకుంటాయి. గుండెలో కవాటాలూ అంతేనండి. రక్తం ముందుకు తోస్తే తెరుచుకుంటాయి, వెనక్కి రాబోతే మూసుకుంటాయి. అమ్మగారివి శుభ్రంగా ఉన్నాయి. తేడా కరెంటులో వచ్చింది."

గుండె పైగదిలో ఒకచోట కబురు పుడుతుందట. దాంతో పైగదులు ముడుచుకుంటాయి. పైనున్న రక్తం కిందికి దిగేదాకా, మధ్యలో ఒక ముడి దగ్గర ఆ కబురు రెప్పపాటు ఆగుతుంది. తర్వాత కింది గదులకు చేరితే, అవి ఒళ్ళంతటికీ రక్తాన్ని తోస్తాయి. అమ్మకు ఆ ముడి దాటి కబురు వెళ్ళడం లేదు. కింది గదులు చూసి చూసి తమంతట తామే నెమ్మదిగా కొట్టుకుంటున్నాయి. ఒక్కోసారి అదీ మానేస్తున్నాయి.

"అప్పుడే పడిపోతున్నారండి. ఏదో ఒకసారి ఇక లేవరు," అన్నారాయన. ఆ కబురు పంపే చిన్న కరెంటు పెట్టె, పేస్‌మేకర్, పెట్టాలన్నారు.

"దేవుడిచ్చిన గుండెకి పెట్టెలేంటే?" అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండింది. "నీ కళ్ళజోడు కూడా దేవుడే ఇచ్చాడా?" అన్నాను. అది లేకపోతే ఆవిడకి లేసు అల్లిక సాగదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, సరేనంది. ఎడమ భుజం కింద, చర్మం లోపల అగ్గిపెట్టెంత పెట్టె అమర్చారు. కబురు దాని తీగలోంచి నేరుగా కింది గదికి వెళ్ళేది.

ఆ తర్వాత అమ్మ ఎన్నడూ పడిపోలేదు. ఉపవాసాలూ మానలేదు.

మొన్న వానల్లో న్యుమోనియాతో పోయింది. చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటే చేస్తూపోయాను. ఏమీ అనిపించలేదు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు మెల్లగా, "మీలో కాలుస్తారా, పూడుస్తారా అండి? కాల్చేటట్టయితే పెట్టె తీసెయ్యాలి, మంటలో పేలుద్ది," అన్నాడు.

"పూడుస్తామండి."

"అయితే ఉంచెయ్యొచ్చండి."

"అది ఇప్పుడు ఆగిపోయిందా?"

"లేదండి. బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ పంపుతానే ఉంటది. గుండే అందుకోదు."

సమాధి దగ్గర అందరితోపాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. అడుగున ఆ పెట్టె ఇంకా కబురు పంపుతోందని తెలుసు. పిన్ని నా వీపు తడుతూ, "ఏడవ్వే తల్లీ, ఏడిస్తే తేలికవుద్ది," అంటూనే ఉంది. నాకు వినపడుతూనే ఉంది. ఏడుపే రాలేదు.