తల్లిని ఖాళీ చేతులతో రమ్మన్న వకీలు

సింగరాచార్యులు గారు ఇక లేరన్న వార్త నాకు హైకోర్టు వరండాలో తెలిసింది. కాగితాల కట్ట చంకన పెట్టుకొని, వాయిదా విషయంలో బెంచి క్లర్కుతో తగువు పడుతున్నాను. అతడు నా మాటకు జవాబు చెప్పకుండా, "మీ సీనియర్ పొద్దుగాల పోయిండ్రంట గదమ్మా, మీకు తెల్వదా?" అన్నాడు. తెలియదు. క్రితం సాయంత్రం దీపాలు పెట్టేవరకు ఆయన ఎదుటే కూర్చున్నదాన్ని. రేపు తొందరగా రా, అప్పీలు కాగితాలు ఇంకోసారి చూద్దామని చెప్పి పంపిన మనిషి, తెల్లవారి కార్వానులోని తమ ఇంట్లో స్నానానికి లేవబోయి గుండె ఆగి ఒరిగిపోయారట. నేను దిగ్భ్రాంతితో ఆ క్లర్కునే "ఏ సీనియర్?" అని అడిగానట. నాకున్నది ఒక్కరే సీనియర్.

మరునాడు వకీళ్ల సంఘంలో సంతాప సభ జరిగింది. ఆయన ఉర్దూ ఉచ్చారణను కొనియాడారు. ఇనాం భూముల చట్టంలో ఆయన పాండిత్యం అద్వితీయమన్నారు. ఒక పెద్దమనిషి మాత్రం, చివరి రోజుల్లో అదేదో అవిటిపిల్లల లొల్లిలో పడి బంగారంలాంటి ప్రాక్టీసు పాడుచేసుకున్నారని జాలిపడ్డారు. నాకు ఒళ్లు మండింది. సభ మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఆ లొల్లి గురించే చెప్పాలని ఉంది.

కార్వానులో ఒక చిన్న వైష్ణవాలయానికి తరతరాలుగా అర్చకులైన వంశం వారిది. తండ్రి గారు గంట చేతికిస్తానంటే, ఈయన ఉర్దూలో న్యాయశాస్త్రం చదివి నల్లకోటు తొడుక్కున్నారు. అయినా నిత్యపూజ మానలేదు, గ్రహణంనాడు పట్టు స్నానం, విడుపు స్నానం తప్పలేదు. ఆయన ఆఫీసు పత్తర్‌గట్టిలో ఒక అత్తరు దుకాణం మీద ఉండేది. ఇరుకైన రాతిమెట్లు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు గోడకు అతుక్కోవలసిందే. మొదటిరోజు ఆ మెట్లెక్కి నేను ఆయాసపడుతుంటే, వకాలత్‌కు కావలసింది ఊపిరే అమ్మాయ్ అన్నారు. అప్పట్లో ఆడపిల్లను జూనియరుగా పెట్టుకున్న సీనియర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కాన్పు సమయంలో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న పిల్లలుంటారు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి, మెడ నిలవదు, మాట రాదు. సెరిబ్రల్ పాల్సీ అనే పేరు ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పి ఉండరు. డాక్టర్లు దేవుని రాత అనేవారు, ఇరుగుపొరుగు తల్లి చేసుకున్న పాపం అనేవారు. పురుడు పోసినవారి నిర్లక్ష్యమే కారణమైనప్పుడు కోర్టులో నష్టపరిహారం అడగవచ్చని ఆ కుటుంబాలకు చెప్పే దిక్కు ఉండేది కాదు. ఈ పని మీకెందుకు తగులుకుందని ఒకసారి అడిగాను. ఏ కరుణామయ గాథో వింటానని ఆశపడ్డాను కాబోలు. "మొదటామె ఈ మెట్లెక్కి వచ్చింది. ఇంకొకరి దగ్గరికి పో అందామంటే, ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలియలే" అన్నారు. అంతకుమించి ఆ ప్రస్తావన ఎన్నడూ తేలేదు.

ఆ కుటుంబాలకు ఆయన పెట్టిన షరతు ఒకటి మా వరండా అంతా ప్రసిద్ధం. బిడ్డను తండ్రే ఎత్తుకొని మెట్లెక్కాలి. తల్లి ఖాళీ చేతులతో రావాలి. తండ్రి రాకపోతే కాగితం ముట్టేవారు కారు. కింద దుకాణం వెనక గది ఖాళీ అయినప్పుడు, పాపం ఈ పిల్లల కోసమైనా కిందికి రండి సాబ్ అని అత్తరు భాయ్ తానే పిలిచి ఇస్తానన్నాడు. ఈయన ససేమిరా అన్నారు. నేను కూడా ఇదేం మొండితనమని పోట్లాడాను. దానికి ఆయన చెప్పింది ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కోర్టుల దావా పిల్ల పేరు మీద పడుతది, పిల్ల తరఫున తండ్రి దస్తఖత్ చేస్తడు. ఎన్నడు ఎత్తుకోని బిడ్డ తరఫున ఏమని చేస్తడు? ముందుగాల బరువు తెలియనీ."

అలా ఎక్కిన వాడే నర్సింహ. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ల సుజాతకు అప్పుడు మూడేళ్లుంటాయేమో. భార్య యాదమ్మ, తల్లి పోచమ్మ వెనకాల వచ్చారు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో కాన్పుకు చేర్చితే, నొప్పులు మొదలయ్యాక డాక్టరమ్మ ఆయాకు అప్పగించి ఏదో పెళ్లికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. బిడ్డ నీలంగా, ఏడుపు లేకుండా పుట్టింది. ఇంటికి వచ్చాక పోచమ్మ తీర్పు చెప్పేసింది. కోడలు కడుపుతో ఉండి గ్రహణంపూట కత్తిపీట ముందర కూర్చుందట, అందుకే పిల్ల గిట్ల పుట్టిందట. నర్సింహ తల్లి మాట కాదనలేదు. యాదమ్మను బిడ్డతో సహా పుట్టింటికి పంపేశారు. వేరే సంబంధం చూసే మాటలు కూడా నడుస్తున్నాయి. యాదమ్మ మేనమామ ఒకడు బతిమాలి వాళ్లను ఇక్కడికి తెచ్చాడు.

నాకు అప్పుడు ఒక బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. బేగంబజారులో మా నాయన దుకాణంలో పాత పంచాంగాలుంటే ఆ సంవత్సరంది వెతికి తెచ్చాను. యాదమ్మ కడుపుతో ఉన్న నెలల్లో మన ఊళ్లో కనబడే గ్రహణమే లేదు. ఎగిరి గంతేసినంత పనిచేసి దాన్ని ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకొని తిథులన్నీ చూశారు, చూసి మూసేశారు.

"నీ పంచాంగం కరెక్టే అమ్మాయ్. గ్రహణం లేదు. మరి రేపు నిజంగనే గ్రహణంనాడు కూరగాయలు కోసిన తల్లి వస్తది. ఆమెకు ఏం చెప్తం? తప్పు నీదే, పో అంటమా?"

నాకు కోపం వచ్చింది. గెలిచే ముక్క చేతిలో పెట్టుకొని ఆడనంటే ఎవరికి రాదు? రెండు రోజులు ముభావంగా ఉన్నాను. గ్రహణస్నానం తప్పని ఆచారపరుడు ఆ మాట అనడం నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతున్నకొద్దీ దుఃఖం ఎక్కువవుతోంది.

పోచమ్మను ఆయన కోప్పడలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఆమె కాన్పుల ముచ్చట అడిగారు. ఎవరు పురుడు పోశారు, ఎంతసేపు నొప్పులు పడ్డది, అన్నీ ఓపికగా విన్నారు. ముసలామె ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. "మా మంత్రసాని నొప్పులు మొదలైనకాడికెల్లి నా పక్కపొంటి లేవలే సారూ. బువ్వ గూడ ఆడనే తిన్నది." మరి మీ కోడలి పక్కన ఎవరు కూర్చున్నారని ఆయన మెల్లగా అడిగారు. పోచమ్మ చాయ్ కప్పు కింద పెట్టింది. కొడుకు వైపు చూసింది. "ఎవ్వరు లేరు. ఆయా తలుపు బెట్టుకున్నది. మేం బయట కూసున్నం. లోపల అది మొత్తుకుంటనే ఉండె" అంది. నర్సింహ ఒళ్లో సుజాతను పెట్టుకొని తల వంచుకున్నాడు. యాదమ్మ తన ఖాళీ చేతుల్లోకి చూసుకుంటూ ఏడ్చింది.

ఇదంతా చదివి ఆయన శాంతమూర్తి అనుకునేరు. అబ్బే, మహా కోపిష్టి. నా డ్రాఫ్టులు ఎన్ని చింపారో లెక్కలేదు. నశ్యం పీల్చి ఫైళ్ల నిండా మరకలు చేసేవారు. నశ్యం ఎక్కగానే కప్పు ఎగిరిపోయేలా తుమ్మేవారు. ఆ తుమ్ము వింటే సుజాత ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వేది. మాట రాని ఆ పిల్ల నవ్వు కోసం ఆయన కావాలని ఇంకోసారి పీల్చడం నేను చూశాను. నేను చూసినట్టు తెలిస్తే మాత్రం గద్దించేవారు.

దావా వేశాక అసలు కష్టం మొదలైంది. కాన్పులో జరిగిన ఆలస్యమే పిల్ల స్థితికి కారణమని ఒక డాక్టరు బోనెక్కి చెప్పాలి. ఎంతమంది గడపలు తొక్కామో. ఏకాంతంలో అందరూ నిజమేనన్నారు, కోర్టుకు మాత్రం ఒక్కరూ రామన్నారు. ఒకాయన మాకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి మరీ సాగనంపాడు. తోటి వైద్యురాలి మీద చెప్తే రేపు తాను ఊళ్లో ఎట్లా తిరగాలని అడిగాడు.

ఇక మాకు మిగిలిన ముఖ్య సాక్షి నర్సింహ. డాక్టరమ్మ పోవడమూ రావడమూ కళ్లారా చూసినవాడు అతడు. డాక్టరమ్మ తరఫు వకీలు తెలివైనవాడు. మీరే మీ బస్తీ పెద్దల ముందు ఇది గ్రహణం దోషమని చెప్పుకున్నారా లేదా అని నిలదీశాడు. కాదంటే అబద్ధం, అవునంటే కేసు పోతుంది. సింగరాచార్యులు గారు అతడికి ఏ జవాబూ నేర్పి పంపలేదు.

"చెప్పినం సార్" అన్నాడు నర్సింహ. "డాక్టరమ్మ తప్పంటె ఇనేటోడు ఒక్కడు లేకుండె. నా పెండ్లాం తప్పంటె బస్తీ అంత ఇన్నది."

యాదమ్మ వెనక బెంచీ మీద కూర్చొని ఉంది. ఆ సాయంత్రం నర్సింహ ఆమెనూ బిడ్డనూ పుట్టింటికి కాదు, తన ఇంటికి తీసుకుపోయాడు. రెండో పెళ్లి మాట మళ్లీ వినబడలేదు.

అయినా దావా ఓడిపోయాం. వైద్యుని సాక్ష్యం లేదు కనుక కొట్టివేశారు. తీర్పు ఎంత చేదుగా ఉన్నా కక్షిదారులకు పూర్తిగా చదివి చెప్పాలన్నది ఆయన నియమం. ఇంగ్లీషు తీర్పును తెలుగు చేసి చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. "ఆపిండ్రేంది సారూ?" అంది యాదమ్మ. ఆయన అబద్ధం చెప్పలేక చదివారు. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి చూపిన అజాగ్రత్త కూడా కారణమై ఉండవచ్చునని అందులో ఒక వాక్యం ఉంది. దానికి సాక్ష్యం లేదు, ఆధారం లేదు. వాళ్లు వెళ్లిపోయాక ఆయన ఆ వాక్యం కింద గీత గీశారు. "పైసలు రాకున్నా ఫికర్ లేదు. ఈ ఒక్క మాట కొట్టేయించాలె" అన్నారు. ఆ రోజు నుంచి పోయే ముందురోజు వరకు ఆయన తయారుచేస్తున్నది ఆ అప్పీలే. ఇనాం భూముల కక్షిదారులు ఒక్కొక్కరే వేరే వకీళ్ల దగ్గరికి వెళ్లిపోయినా ఆయన లెక్కచేయలేదు.

పదోరోజు ధర్మోదకాలు విడిచి వచ్చి, మనసు నిలవక ఆఫీసు తలుపు తీశాను. బల్ల మీద నశ్యం డబ్బీ అట్లాగే ఉంది. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. నర్సింహ సుజాతను ఎత్తుకొని ఆగి ఆగి ఎక్కుతున్నాడు. పిల్ల ఎదిగింది, కాళ్లు అతని మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. అప్పీలు తారీఖు కనుక్కుందామని వచ్చారు. సారు పోయిన సంగతి కింద అత్తరు భాయ్ చెప్పాడట. తెలిసి కూడా పైకి ఎక్కారు. సుజాత ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయింది. తుమ్ము కోసం ఎదురుచూస్తోందని అర్థమై నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

యాదమ్మ ఖాళీ చేతులతో గడపలో నిలబడింది. కాసేపటికి లోపలికి వచ్చి, కొంగుతో ఆ కుర్చీ దుమ్ము తుడిచింది. తుడుస్తూనే నా వైపు చూడకుండా అడిగింది.

"వకీలమ్మా, సారు పోయిండు గద. ఆ కాగితంల తప్పు నాదే అని గట్లనే ఉంటదా?"

ఆయన కక్షిదారులకు ఎన్నడూ మాట ఇచ్చేవారు కారు. నా చేతనైంది చేస్త, ఫలితం చెప్పలేను అనేవారు. నేను ఆయనంత నిబ్బరం ఉన్నదాన్ని కాను. ఉండనియ్యనమ్మా అన్నాను. యాదమ్మ తల ఊపింది, నమ్మిందో లేదో తెలియదు. నర్సింహ బిడ్డను భుజం మీదికి మార్చుకొని మెట్లు దిగాడు.

ఆ మాట ఇచ్చిన క్షణం నుంచి నాకు నిద్ర లేదు. ఆ మహానుభావుని స్థానంలో నిలబడి వాదించే శక్తి నాకు లేదు, నగరంలో మరొకరికి ఉందని నేను ఎరగను. ఆయన పవిత్రస్మృతికి చేతులు జోడిస్తున్నాను. ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది.