రైల్ పికప్, భాయ్ చెవి

మా ఇంట్లో మాట కంటే ముందు చెయ్యి లేచేది. నాయన నన్ను కొట్టేవాడు, నేను తమ్ముణ్ణి కొట్టేవాణ్ణి, బడిలో పక్కవాణ్ణి కొట్టేవాణ్ణి. గిటారు పట్టాక కూడా ఆ గుణం పోలేదు. తీగ మీటితే వినేవాడి రొమ్ము మీద గుద్దినట్టుండాలి, అదీ నా కోరిక. మెత్తగా వాయించేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది.

ఆళ్లగడ్డలో మాది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. ఊరేగింపులో ట్రాలీ మీద జనరేటరు, దాని పక్కనే నేను. గిటారు తీగల కింద అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన ముక్క ఒకటుంటుంది, అదే పికప్. పైన తీగ కదిలితే ఆ కదలిక దీనివల్లే స్పీకరు దాకా పోతుంది. నా గిటారులో ఉన్న మామూలు పికప్ జనరేటరు పక్కన పాట కంటే ఎక్కువగా జుయ్యిమనేది. ఒక పగటి ఊరేగింపులో పెళ్లికొడుకు తరఫు మనిషి ట్రాలీ ఎక్కి నా కాలరు పట్టుకున్నాడు.

"ఏందప్పా, గిటారు వాయిస్తాండావా, ఈగలు తోలుతాండావా?" అన్నాడు.

నేను మూతి మీద గుద్దాను. వాళ్లు పదిమంది. కనుబొమ మీద రాయి దెబ్బ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ వారమే రైల్ పికప్ తెప్పించాను. మామూలుదానికి ఆరు గుండ్రటి మొనలుంటే, దీనికి రెండు సన్నటి ఇనుప పలకలు పట్టాల్లా పక్కపక్కన ఉంటాయి. కింద రెండు చుట్లు ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉంటాయి గనక జుయ్యిమనే చప్పుడు చచ్చిపోతుంది. తీగను పక్కకు లాగినా శబ్దం తగ్గదు. నేను దాన్ని తీగలకు ఆనీ ఆనకుండా పైకెత్తి బిగించాను. మా ఆర్కెస్ట్రావాళ్లందరం అంతే, ఏది గట్టిగా మోగితే అదే మంచిదంటాం. ఊరేగింపుల్లో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

నంద్యాలలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. నా గిటారు వైర్లు తెగితే అతికించేది ఆయనే. కొత్త పికప్‌ను తిప్పి తిప్పి చూసి, వారం తిరిగేలోగా అలాంటిదే ఒకటి తన చేత్తో చుట్టాడు. అయస్కాంతం పాత కరెంటు మీటరులోంచి తీశాడు. ఆయన చెవి సంగతి చుట్టుపక్కల మండలాలన్నిటికీ తెలుసు. రైతులు మోటారు తెస్తే ఒకసారి తిప్పి, విని, లోపల ఏం పోయిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే పోయి ఉండేది. ఆయన కూడు ఆ చెవి పెట్టిందే.

రెండు పికప్‌లనూ పోల్చి చూద్దామని ఒక మధ్యాహ్నం ఆయన షాపులో కూర్చున్నాం. ముందు నాది వాయించాను. రేకుల కప్పు అదిరింది. మోటారు కోసం బండిఆత్మకూరు నుంచి వచ్చిన రైతులిద్దరు చెవులు మూసుకున్నారు. నాకు కావలసిందీ అదే. తరువాత భాయ్ దాన్ని ఊడదీసి, తనది సోల్డరింగ్ చేసి, తీగలకు కాస్త ఎడంగా బిగించాడు. అదే పాట మళ్లీ వాయించాను. శబ్దం సగానికి పడిపోయింది.

"సచ్చిన పాము మాదిరి ఉండాది భాయ్" అన్నాను.

"నీది తీగలకు ఆనిచ్చినావు, నాది కిందుండాది. రెండూ ఒకే ఎత్తులో పెట్టి అప్పుడు చెప్పు."

"గట్టిగా పలికేదే పికప్."

"నీకు చేతులుండాయి గానీ చెవుల్లేవప్పా" అన్నాడు భాయ్, వైరు తిప్పుకుంటూ.

నవ్వింది రైతులు, నేను కొట్టింది భాయ్‌ని. అరచెయ్యి తెరిచి, భుజంలో ఉన్న బలమంతా పెట్టి, ఎడమ చెవి మీద కొట్టాను. ఆయన స్టూలు మీద నుంచి ఒరిగి రాగి తీగ చుట్టల మీద పడ్డాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి కారింది. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు, హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ హాయి ఎంతోసేపు లేదు. రైతుల్లో ఒకడు మోటారుకు కట్టిన తాడు నా మెడకు వేసి లాగాడు. రెండోవాడు పానా తీసుకుని మోకాలి మీద కొట్టాడు. "మడి ఎండిపోతాంది. ఈ మనిషి చెవి పోతే మా మోటార్లు ఎవురు చూస్తార్రా?" అని అడిగి మళ్లీ కొట్టాడు. మూతి నేలకు కొట్టుకుని పన్ను ఒకటి ఊడి నాలుక మీదికొచ్చింది. చివరికి విడిపించింది భాయే. ఒక చేత్తో చెవి మూసుకుని "ఇడ్సండప్పా, సాలు" అన్నాడు.

కర్ణభేరి చినిగిందని డాక్టరు చెప్పినట్టు తరువాత తెలిసింది. రెండు నెలలు నంద్యాల వైపు పోలేదు. ఒక ఉదయం ఆళ్లగడ్డ ఇంట్లో, ఆ రోజు గిటారుతో పాటే నా వెంట వచ్చేసిన రెండు పికప్‌లూ ముందేసుకుని, తీగకూ పలకకూ మధ్య రూపాయి బిళ్ల పట్టేంత సందు కొలిచి, ఒకదాని తరువాత ఒకటి అదే ఎత్తులో బిగించి వాయించాను. కొన్నది ఎంత మెల్లగా మీటినా ఒకటే అరుపు అరిచింది. వేలి బరువు దానికి తెలియదు. భాయ్ చుట్టింది మెల్లగా మీటితే మెల్లగా పలికింది, బలంగా కొడితే బలంగానే తిరిగి కొట్టింది, ఆరు తీగలూ విడివిడిగా వినిపించాయి. నమ్మలేక మళ్లీ మార్చాను, మళ్లీ విన్నాను. మధ్యాహ్నానికి ఇంక సందేహం లేదు. కొన్నదాన్ని తీసుకుపోయి, ఎదురింట్లో శిల్పాలు చెక్కేవాళ్ల బండ మీద పెట్టి, వాళ్ల సుత్తితోనే పొడి చేశాను. కోపం చల్లారలేదు. ఆ పికప్ ఏ తప్పూ చేయలేదు మరి.

మరుసటి రోజు నంద్యాల పోయాను, కొడితే పడదామనే. భాయ్ తిరుగుతున్న మోటారు ముందు కూర్చుని ఉన్నాడు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి కుడి చెవికి మార్చాడు. మళ్లీ ఎడమకు తెచ్చాడు. పక్కన కొత్తపల్లె రైతు ఎదురుచూస్తున్నాడు.

"కాళ్లు పట్టుకోను వచ్చినా భాయ్" అన్నాను.

"కాళ్లెందుకు. ఈడ కూచో." స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. "ఎడమ పక్క గుయ్యిమంటానే ఉండాది, కుడి పక్క ఇనపడేది కూడా దాంట్లో కలిసిపోతాంది. బేరింగు పోయిందా, వైండింగా? నువ్వు ఇని చెప్పు."

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాను. మోటారు అరుస్తోంది, అంతకంటే నాకేమీ తెలియలేదు. కుడి చెవికి మార్చి విన్నాను. రైతు నా ముఖంలోకే చూస్తున్నాడు.

"తెలీడంలేదు భాయ్" అన్నాను.

ఆయన తల ఊపి, రైతు వైపు తిరిగాడు. "ఇప్పి సూడాల్సిందేప్పా. రెండు దినాలు పడతాది."